బోణీ పీసు

"సీలు నేను తీస్తా. లోపల ఏది ముట్టాలన్నా నన్నడిగి ముట్టాలె. సరేనా హరన్నా?"

ఇన్‌స్పెక్టర్ దుర్గేష్ తాళంచెవిని వేలికి తగిలించుకుని తిప్పుతూ అన్నాడు. ఒకప్పుడు హరికిషన్ కింద ఎస్సైగా పనిచేసినవాడే. హరికిషన్ ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక ఇద్దరి మధ్యా మిగిలింది ఆ 'అన్నా' ఒక్కటే. ఈ మధ్య అందులోనూ ఎగతాళి పాలు ఎక్కువైంది.

"సరే," అన్నాడు హరికిషన్.

బోయిన్‌పల్లి మార్కెట్ వెనక సందులో ఉన్న ఆ యూనిట్‌లో ఆస్పత్రి మంచాలకూ సెలైన్ స్టాండ్లకూ రంగు వేస్తారు. రెండు శుక్రవారాల కిందట పొద్దున్నే పెద్ద బూత్‌లో, అంటే రంగు కొట్టే గదిలో, మంట లేచింది. లోపల రంగు కొట్టే గన్ పట్టుకుని ఉన్న పెయింటర్ విజయేందర్ ఒళ్లంతా కాలి, సాయంత్రానికి ఆస్పత్రిలో ప్రాణం వదిలాడు. ఎలక్ట్రీషియన్ ప్రభుదాస్ కావాలనే ఎర్త్ తీసేసి చంపాడని దుర్గేష్ కేసు కట్టి లోపలేశాడు. సోమవారం బెయిలు మీద వాదనలు. బెయిలు రాకపోతే ప్రభుదాస్ ఇక విచారణ ముగిసేదాకా జైల్లోనే ఏళ్లు గడపాలి. అతని భార్య ఎలీసబెతు వకీలును పట్టుకుని, కాలిన బూత్‌ను తమ తరఫు మనిషి ఒకసారి చూసేందుకు కోర్టు అనుమతి తెచ్చుకుంది. ఆ మనిషి హరికిషన్.

ఆమెను గేటు దాటనివ్వలేదు. వాచ్‌మన్ ఎవరూ చెప్పకుండానే తన స్టూలు తెచ్చి గోడ నీడలో వేసి, తాను ఎండలోకి జరిగి నిలబడ్డాడు. ఎలీసబెతు ఒడిలో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది.

"వాళ్లిద్దరు ఒక్కకాడ తినేటోళ్లు సార్," అంది లోపలికి వెళ్లబోతున్న హరికిషన్‌తో. "విజయన్నది సుత నేనే కట్టి పంపుతుంటి. ఇయ్యాల పొద్దుగాల అలవాటుల రెండు డబ్బాలు కట్టిన. మూతలు పెట్టినంక యాదికొచ్చింది, తినేటోళ్లు ఇద్దరు లేరని."

హరికిషన్‌కు ఆ అలవాటు తెలుసు. భార్య పోయి మూడేళ్లయినా మల్కాజ్‌గిరి ఇంట్లో పొద్దున్న రెండు కప్పులు కడిగి బోర్లించేవాడు. కప్పు పగిలిపోయాక గాని ఆ పని మానలేదు.

"ఒక డబ్బా నాకుంచు చెల్లె," అన్నాడు. "నేనింకా ఏం తినలే."

ఆమె ముఖంలో ఏదో కొంచెం సడలింది. అది చాలనుకుని అతను లోపలికి నడిచాడు.

*

బూత్ గోడలు, పైకప్పు, సామాన్లు వేలాడదీసే ఇనప పట్టా అన్నీ ఒకే నలుపు. సూపర్‌వైజర్ నాగసాయి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆ రోజు విజయేందర్‌ను బయటికి లాగినవాడు అతనే. రెండు ముంజేతులకూ ఇంకా కట్లున్నాయి.

"గన్ ఎట్ల పనిచేస్తదో నాకేం తెల్వదనుకొని చెప్పు నాగసాయీ," అన్నాడు హరికిషన్.

"గన్ మూతికాడ వేల వోల్టులుంటయి సార్. రంగు తుంపర ఆ కరెంటు పట్టుకొని ఎగురుతది. పీసుకు, అంటే రంగేసే సామానుకు, ఎర్త్ ఉంటే దాన్ని వెతుక్కుంటా పోయి అతుక్కుంటది. వెనకదిక్కు సుత రంగు పట్టుతది, వేస్టు కాదు."

"ఎర్త్ లేకుంటే?"

"కరెంటు పోనీకి తొవ్వ ఉండదు. పీసులనే జమైతది. జమై జమై, దగ్గర ఏది ఉంటే దానిమీదికి దుంకుతది. చిన్న మెరుపే. కని గాలిల, రంగుల కలిపే థిన్నర్ ఆవిరి ఉంటది గద సార్." నాగసాయి ముంజేతి కట్టు సరిచేసుకున్నాడు.

"అందుకే జాగ్రత్తలు చానా ఉంటయి," అన్నాడు. "ముందుగాల ఫ్యాన్ ఆన్ గావాలె. ఆవిరి బయటికి పోయినంకనే గన్ ఆన్ గావాలె. పట్టుకునేటోడికి సుత ఎర్త్ ఉండాలె, వట్టి అరచేయి గన్ పిడికి తగలాలె. ఉంగరం, వాచీ, ఫోను, జేబుల తాళాలు బయట పళ్లెంల పెట్టి రావాలె. కొక్కేల మీద పాత రంగు పేరుకుంటే గీకాలె, రంగు అడ్డమొస్తే ఎర్త్ అందదు. గన్ కడిగేటప్పుడు కరెంటు బంద్. ఇవన్ని ప్రభుదాసే మాకు తిట్టి తిట్టి నేర్పిండు."

"నేర్పినోడికే తెలుస్తది ఏది తీస్తే పేలుతదో," అన్నాడు దుర్గేష్. పట్టా చివర గోడనుంచి వేలాడుతున్న మందపాటి వైరును బూటుతో కదిపాడు. దాని కొసన ఇనప పళ్ల క్లిప్పు ఉంది. "పట్టాకు కరిపించాల్సిన ఎర్త్ క్లిప్పు ఇది. మేమొచ్చేసరికి కిందపడుంది. ఫోటోలున్నయి. ముందురోజే ఇద్దరు కొట్లాడుకున్నరు, షెడ్డు షెడ్డంత చూసింది. ఇంకేం గావాలన్నా నీకు?"

"కొట్లాట ఎందుకైంది?"

"గ్లౌజుల కాడ. విజయేందర్ కొత్త జత కొనుక్కొస్తే ప్రభుదాస్ కత్తెర తీస్కొని అరచేతులు కోసి పారేసిండు. విజయేందర్ కాలర్ పట్టిండు."

"అరచేతులే ఎందుకు కోసిండు?"

"పగ!"

"పగ ఉన్నోడు గ్లౌజు మొత్తం కోస్తడు. వేళ్లు కోస్తడు." హరికిషన్ నాగసాయి వైపు తిరిగాడు. "అంతేనా?"

నాగసాయి తల దించుకున్నాడు. "చేతులకు థిన్నర్ మంట పెడ్తుందని విజయన్న నిండు గ్లౌజు తొడిగిండు సార్. నిండు గ్లౌజైతే చేయి పిడికి తగలదు. ప్రభుదాస్ రెండుసార్లు చెప్పిండు, మూడోసారి కోసిండు. సాయంత్రం మళ్ల ఇద్దరు ఒకే బండి మీద పోయిండ్రు. ఆ మాట నన్నెవ్వరు అడగలే."

"విన్నవా దుర్గేష్? దోస్తుకు ఎర్త్ తగలాలని కాలర్ పట్టించుకున్నోడు, తెల్లారి అదే ఎర్త్ పీకుతడా?"

"దాన్నే ప్లాన్ అంటరు," అన్నాడు దుర్గేష్. గొంతు కొంచెం పెరిగింది. "పోలీసోళ్లం మేం తెలివితక్కువోళ్లం, నువ్వొక్కడివే ఉన్నవ్ మంచిమనుషులను గుర్తుపట్టనీకి. గంటనుంచి గోడలు చూస్తున్నవ్. నీకేం, నీకు టైముంది. ఇంటికాడ ఎదురుచూసేటోళ్లు ఎవరున్నరు గనక!"

నాగసాయి గోడవైపు చూశాడు. హరికిషన్ జేబులోంచి టార్చి తీసి, అది వెలుగుతోందో లేదో అరచేతి మీద వేసి చూసుకున్నాడు. అతను ఇంటి నుంచి వచ్చేటప్పుడు రేడియో ఆపడు. తిరిగి తాళం తీసేసరికి లోపల ఒక గొంతు వినిపించాలని. ఆ సంగతి దుర్గేష్‌కు తెలియదు. తెలిసినా ఏం చేసుకుంటాడు?

"స్టూలేదన్నా ఉందా నాగసాయీ?"

స్టూలెక్కి అతను పట్టా పొడవునా టార్చి వేస్తూ వెళ్లాడు. మసి మందంగా, మెత్తగా, అన్నిచోట్లా ఒకేలా ఉంది. చివర, గోడకు జానెడు ఇవతల, టార్చి ఆగిపోయింది.

"పైకొచ్చి చూడు దుర్గేష్. ముట్టకు."

దుర్గేష్ విసుగ్గా ఎక్కాడు. నల్లటి పట్టా మీద అక్కడొక్కచోట బొటనవేలంత మేర ఇనుము తెల్లగా మెరుస్తోంది. అంచుల్లో వరసగా పళ్ల గుర్తులు.

"క్లిప్పు కరుచుకొని ఉన్న జాగా అది," అన్నాడు హరికిషన్. "మంట లేచినప్పుడు క్లిప్పు కిందపడి ఉంటే ఇక్కడ సుత మసి పట్టాలె. పట్టలే. అంటే మంట మండినంతసేపు క్లిప్పు ఇక్కడనే ఉంది. నీళ్లు కొట్టేటప్పుడు ఎవరి కాలికో వైరు చుట్టుకొని ఊడింది. నీ ఫోటోలు ఆ తర్వాతవి."

దుర్గేష్ చాలాసేపు ఆ మచ్చనే చూశాడు. దిగాక మాట్లాడాడు. ఈసారి ఎగతాళి లేదు.

"ఎర్త్ ఉంటే మరి నిప్పెట్ల పుట్టింది?"

"అదే చూద్దాం."

పట్టాకు వేలాడుతున్న కొక్కేలను హరికిషన్ ఒక్కొక్కటే పరిశీలించాడు. అన్నీ శుభ్రంగా గీకి ఉన్నాయి. వాటి మీద ఉన్నది మసి మాత్రమే. గన్‌కు ఎదురుగా ఉండే మొదటి కొక్కెం దగ్గర అతను ఆగి, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. వంకీ కొసన ఒక చిన్న పూస అంటుకుని ఉంది. గోధుమరంగుది, గట్టిది, కరిగి బొట్టుగా కారి అక్కడే ఆగిపోయినట్టున్నది.

"నైలాన్," అన్నాడు. "తాడు కొస పోగులు లేవకుండ అగ్గిపుల్లతో కాలుస్తం చూడు, గట్లనే. నూలైతే బూడిదై రాలిపోయేది. నాగసాయీ, ఈ కొక్కేనికి నైలాన్ ఎందుకు కట్టిండ్రు?"

"నైలాన్ కట్టం సార్!" నాగసాయి మొదటిసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. "అది బోణీ కొక్కెం."

"అంటే?"

"శుక్రవారం నాడు మొదటి పీసు బోణీ పీసు సార్. సెలైన్ స్టాండ్ తల ఒకటి ఈ కొక్కేనికి తగిలిస్తం. మా ఓనరు పెద్దసారు ఇంట్ల పూజల పెట్టిన పసుపు దారం వస్తది. దాన్ని కొక్కేనికి, పీసుకు కలిపి గట్టిగ చుట్టేస్తరు. దానికి రంగు కొట్టినంకనే మిగతా పని షురూ. ప్రభుదాస్ ఒక్కటే మాటన్నడు. దారం మీ ఇష్టం, మీ దేవుడిష్టం, కని లోపల పీసు కొక్కేనికి తగిలే ఉండాలె అని."

"ఏ దారం?"

"నూలు దారమే. పసుపు నీళ్ల తడి సుత ఆరదు."

"ఆ రోజు ఎవరు చుట్టిండ్రు?"

"మేమొచ్చేసరికే చుట్టి ఉంది సార్. ఎప్పుడు గట్లనే. ఇంటికెల్లి దారం తెచ్చినోళ్లే కట్టిపోతరు. ఒకపారి డ్రైవరు తెస్తడు, ఒకపారి పెద్దసారు బావమరిది ఉదయ్ సారు తెస్తడు."

హరికిషన్ వేళ్లతో గాలిలోనే ఆ ముడి కట్టి చూశాడు. పైనుంచి చూస్తే పసుపు దారం చుట్టలు. లోపల పీసు కొక్కేనికి తగలకుండా, కరెంటు పారనివ్వని నైలాన్ దారం మీదే వేలాడుతూ ఉంటే ఎవరికి కనబడుతుంది? క్లిప్పు సరిగ్గానే ఉంది, పట్టాకు ఎర్త్ ఉంది, కొక్కేనికీ ఉంది. లేనిది ఆ చిన్న ఇనపముక్కకే.

"ఏం పగ ఉంటది విజయేందర్ మీద?" దుర్గేష్ తనలో తాను అనుకున్నట్టే అడిగాడు.

"ఏం లేదు సార్," అన్నాడు నాగసాయి. "ఆయన మీద ఎవ్వరికి ఉంటది?"

*

యజమాని రామభద్రరావు తన గదిలో, తలుపు దగ్గరే వేసుకున్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అరవై ఐదేళ్లుంటాయి. తడి ఆరని జుట్టు, కొత్త పంచె. వాళ్లను చూడగానే లేచి, పనివాడి కోసం చూడకుండా తానే రెండు కుర్చీలు దగ్గరికి లాగాడు.

"కూర్చోండి. ఎలీసబెతు గేటు దగ్గరుందట కదా? లోపలికి రమ్మనండి. నాకేం అభ్యంతరం లేదు."

"కేసు ఉన్నప్పుడు వద్దన్నది నేను," అన్నాడు దుర్గేష్ ముభావంగా.

హరికిషన్ నేరుగా విషయంలోకి దిగాడు. "బోణీ పీసుకు రంగు కొట్టేది ఎప్పుడూ విజయేందరేనాండీ?"

"అబ్బే, కాదు. మిగతావన్నీ అతనే. బోణీ మాత్రం నేను. మొదట్నించీ అంతే. నా హస్తవాసి మంచిదని అందరికీ ఒక నమ్మకం. నాకూ ఉందనుకోండి. ఒక్క పీసు కొట్టేసి, గన్ అతని చేతికిచ్చి వచ్చేస్తాను."

"మరి ఆ రోజు?"

రామభద్రరావు పంచె అంచు వేళ్లతో నిమిరాడు.

"ఆ రోజు కూడా అందుకే బయల్దేరాను. గేటు ముందు కారు ఆగుతుంటే తణుకు నుంచి ఫోనొచ్చింది. మా పెద్దనాన్నగారి అబ్బాయి పోయాడని. మైల కదండీ. మైలలో ఉండి శుభమా అని బోణీకి చెయ్యి ఎలా పెడతాను? కారు దిగకుండానే విజయేందర్‌ను పిలిచి, ఇవాళ్టికి నువ్వు కానిచ్చెయ్యవయ్యా అన్నాను." ఆయన గేటు వైపు చూశాడు. "అతను నవ్వాడు. 'నా హస్తవాసి సుత చూద్దాం సారూ' అన్నాడు. నేను వెనక్కి తిరిగి ఇంటికి బయల్దేరాను. దారిలోనే రెండో ఫోను, బూత్ అంటుకుందని."

హరికిషన్ తన కుర్చీని కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"ఆ చావు కబురు అప్పటికి మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా?"

"ఎవరికి తెలుస్తుంది? ఫోను నాకే కదా వచ్చింది. ఇంటికెళ్లాకే మా ఆవిడకు చెప్పాను."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"మారేడ్‌పల్లిలో ఉంటాం. నేనూ, మా ఆవిడ వీరరాఘవమ్మా, ఆవిడ తమ్ముడు ఉదయ్‌కిరణ్. మాకు పిల్లల్లేరు. ఉదయ్‌ని కొడుకులాగే పెంచింది ఆవిడ. వాడికేమో ఈ యూనిట్ తనకే వస్తుందని ఆశ. నేను మాత్రం పనిచేసేవాళ్లకే, విజయేందర్, ప్రభుదాస్, నాగసాయిలకే అప్పజెబుదామనుకున్నాను. పై నెలనుంచి వేరే ఉండమని వాడికి చెప్పాను కూడా." ఆయన గడియారం చూసుకుని లేచాడు. "ఏమీ అనుకోకండి. మైల వదిలి నాలుగు రోజులైంది. ఇవాళ శుక్రవారం కదా, చిన్న బూత్‌లో పని మొదలుపెట్టిస్తున్నాను. వర్జ్యం వచ్చేలోపు ఒక్క పీసు కొట్టేసి వచ్చేస్తాను. మీరు టీ తాగుతూ ఉండండి. నాగసాయీ, రావయ్యా."

ఇద్దరూ వెళ్లిపోయారు. దుర్గేష్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"మైల, బోణీ, హస్తవాసి! ఇవేనా అన్నా సోమవారం కోర్టుల నువ్వు చెప్పేది? క్లిప్పు సంగతి ఒప్పుకుంట. నైలాన్ సంగతి ల్యాబుకు పంపుత. కని విజయేందర్‌ను చంపాల్సిన అవసరం ఎవరికుందో చెప్పకుంటే ప్రభుదాస్ ఎట్ల బయటికొస్తడు?"

"విజయేందర్‌ను చంపాల్సిన అవసరం ఎవరికీ లేదు."

"మరి?"

"ఆ ముడి కట్టినోడికి తణుకు ఫోను సంగతి తెల్వదు, దుర్గేష్." హరికిషన్ నెమ్మదిగా అన్నాడు. తన మాట తనకే అప్పుడు పూర్తిగా అర్థమవుతున్నట్టు. "కట్టినప్పుడు వాడు అనుకున్న చేయి వేరు. బోణీ కొట్టేది పెద్దాయన. విజయేందర్ కోసం కట్టింది కాదది."

దుర్గేష్ ముందుకు వంగాడు. చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

పక్క షెడ్‌లో ఏదో గుర్రుమని, తర్వాత ఏకధాటిగా హోరు మొదలైంది. చిన్న బూత్ ఫ్యాన్.

ముందు ఫ్యాన్ ఆన్ కావాలి. ఆ తర్వాత గన్.

హరికిషన్ కుర్చీ పడిపోయిన చప్పుడు కూడా వినలేదు. ఆ వయసులో అతను పరుగెత్తడం దుర్గేష్ ఎన్నడూ చూడలేదు. షెడ్ గుమ్మం పక్కన బల్ల మీద స్టీలు పళ్లెంలో రామభద్రరావు ఉంగరం, వాచీ, ఫోను ఉన్నాయి. బూత్ అద్దం అవతల ఆయన చెప్పులు విడిచి, వట్టి చేత్తో గన్ పట్టుకుని, కళ్లు మూసుకుని ఏదో శ్లోకం చదువుకుంటున్నాడు. ఎదురుగా కొక్కేనికి పచ్చగా చుట్టిన బోణీ పీసు. కుంకుమ బొట్టు కూడా పెట్టారు.

గోడ మీద కరెంటు ఆపే ఎర్ర బటన్. హరికిషన్ అరచేత్తో బలంగా కొట్టాడు. ప్యానెల్ లైట్లు ఆరిపోయాయి.

"గన్ కింద పెట్టండి! వేలు తియ్యండి!"

రామభద్రరావు ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. ఇంకా ట్రిగ్గర్ నొక్కలేదు. శ్లోకం ఒక చరణం మిగిలి ఉంది.

నాగసాయి వెళ్లి గన్ అందుకుని స్టాండుకు తగిలించాడు. హరికిషన్ బోణీ పీసు దగ్గరికి వెళ్లి, దారం చుట్టలను గోటితో పక్కకు జరిపాడు. వాటి చాటున కొక్కెం వంకీకీ, స్టాండ్ తలకూ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు. ఇనుము ఇనుముకు ఎక్కడా తగలడం లేదు. నాగసాయి దగ్గరికొచ్చి చూశాడు.

"తడి లేదు సార్," అన్నాడు దారం ముట్టుకుని. "పొడిగుంది. జారుతుంది."

"ఇయ్యాల ఎవరు కట్టిండ్రు?" దుర్గేష్ అడిగాడు.

"ఉదయ్ సారు. పొద్దుగాల నేను చిన్న బూత్ తాళం తీయంగనే వచ్చిండు. బావగారికి నేనే కట్టి పెడ్తనన్నడు."

దారం విప్పి వాళ్లు గేటు బయటికి, థిన్నర్ వాసనకు దూరంగా నడిచారు. రామభద్రరావు కూడా వెంట వచ్చాడు, చెప్పులు వేసుకోవడం మరిచిపోయి. ఎలీసబెతు ఒళ్లోని సంచి జారిపడేలా స్టూలు మీంచి లేచి నిలబడింది. దుర్గేష్ లైటర్ తీసి దారం కొసకు మంట చూపించాడు. అది నూలులా భగ్గున అంటుకోలేదు. ముడుచుకుని, వెనక్కి పాకి, గోధుమరంగు బొట్టై కొసన వేలాడింది. గట్టిపడింది. అచ్చం కాలిన కొక్కెం మీద ఉన్న పూసే.

"ఒకసారి తప్పింది. నేరం వేరేటోడి మీదికి పోయింది," అన్నాడు హరికిషన్ నెమ్మదిగా. "రెండోసారి ఇంకా సులువనుకున్నడు. ఎర్త్ చూసే ఎలక్ట్రీషియన్ జైల్ల ఉన్నడు గద, ప్రమాదమనే అనుకుంటరు అందరు."

ఎలీసబెతు ఒక్కొక్కరి ముఖమే చూసింది. "ఏందీ సార్? ఏమైంది?"

దుర్గేష్ లైటర్ జేబులో పెట్టుకున్నాడు. ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. కింద పడిన చేతిసంచి తీసి, దుమ్ము దులిపి ఆమె చేతికిచ్చాడు. "కూర్చో అమ్మా," అన్నాడు. "సోమవారం నేనే చెప్త కోర్టుల. నీ మొగడు చేయలే."

ఆమె కూర్చోలేదు. సంచిని రెండు చేతులతో గుండెకు హత్తుకుని అలాగే నిలబడింది. వాచ్‌మన్ మొహం తిప్పుకుని గేటు గొళ్లెం సరిచేస్తున్నట్టు నటించాడు.

రామభద్రరావు మాత్రం రోడ్డు మీద, ఎండలో, ఆ బొట్టు వంక చూస్తూ నిలబడ్డాడు. చుట్టూ నలుగురున్నా ఆయన పక్కన ఎవరూ లేనట్టే ఉంది.

లోపల ఫోను మోగింది. నాగసాయి పరుగున వెళ్లి స్టీలు పళ్లెంతో సహా తెచ్చాడు. తెర మీద పేరు: ఉదయ్.

దుర్గేష్ పెదాల మీద వేలు పెట్టుకుని, స్పీకర్ ఆన్ చేయమని సైగ చేశాడు. రామభద్రరావు ఫోనెత్తాడు. నోరు తెరిచాడు గాని మాట పెగల్లేదు.

"హలో?" అవతలి గొంతు హుషారుగా లేదు, తొందరగా ఉంది. "హలో… ఎవరెత్తింది? నాగసాయీ, నువ్వేనా? మాట్లాడవేం?"

నాగసాయి బదులివ్వబోతే దుర్గేష్ చేయి అడ్డం పెట్టాడు.

"సరే, సరే, కంగారుపడకండి. బావగారిని ఏ ఆస్పత్రికి తీసుకెళ్లారు?"

రామభద్రరావు కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి చాలా మెల్లగా, ఎప్పుడూ పిలిచే గొంతుతోనే పిలిచాడు.

"ఉదయ్. నేనేరా. ఉన్నాను."

అవతల ఊపిరి చప్పుడు. దాని వెనక, ఇంకో గదిలోంచి వస్తున్నట్టు, ఒక ఆడగొంతు వినిపించింది.

"ఎవర్రా ఫోను? బోణీ అయిందట్రా? అది సరేగాని, నేను తడిపి పెట్టిన నూలు దారం ఇక్కడే పడుందేమిట్రా, నువ్వు మరి ఏం పట్టుకెళ్లావ్?"

ఫోను ఆగిపోయింది.

"దారం మార్చింది అతనేనని చెప్పగలిగేది ఇప్పుడు ఆవిడొక్కరే. ఇంట్లో ఇంకెవరున్నారు?" హరికిషన్ ఆయన భుజం పట్టుకున్నాడు. "పనిమనిషి? డ్రైవరు? చెప్పండి."

"డ్రైవరు నాతో వచ్చాడు," అన్నాడు రామభద్రరావు. "ఇంకెవరూ లేరు. వాళ్లిద్దరే."

దుర్గేష్ అప్పటికే జీపు స్టార్ట్ చేస్తున్నాడు. రామభద్రరావు భార్య నంబరు నొక్కాడు. జీపు మారేడ్‌పల్లి వైపు తిరిగింది. ఫోను మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. ఆయన మళ్లీ నొక్కాడు.